కలగలుపు అనే పువ్వు

పార్వతీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ హిందీ ఊరు తిఫ్రాలో మన సొంతింటి ముందు పూలతోట లేచింది.

రైల్వే క్వార్టరు మారినప్పుడల్లా మొక్కల్ని వదిలేసి, విత్తనాలు మాత్రం దులిపి అన్నీ ఒకే పొట్లంలో కట్టేదానివి కదా. ఆ పొట్లం వానల ముందు జ్యోతికి నీ పెట్టెలో దొరికింది. పైన తెలుగులో నీ రాత. హిందీ బడిలో చదివిన మన కూతురు అక్షరం అక్షరం కూడబలుక్కుని అడిగింది.

"నాన్నా, కలగలుపు అంటే ఏటి పువ్వు?"

నవ్వొచ్చింది. చెప్పబోయి ఆగాను, మొలిస్తే అదే తెలుసుకుంటుందని. రైలింజన్ల షెడ్డులో పనిచేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది, తాడు కట్టి వరసలు గీద్దామన్నాను.

"లైన్లేటి నాన్నా, ఇది యార్డా?" అని గుప్పిళ్లతో చల్లేసింది.

ఇప్పుడు బంతి, సీతజడ, చంద్రకాంత, ముద్దగోరింట ఒకదాన్నొకటి తోసుకుంటూ పూశాయి. గేటు తీస్తే నా లుంగీకి తగులుతున్నాయి. నిన్న పక్కింటావిడ ఆగి, "అచ్ఛా, ఏ కౌన్‌సా ఫూల్ హై?" అని పువ్వు పేరడిగింది. జ్యోతికి అర్థం ఎప్పుడో తెలిసిపోయింది. అయినా, "కలగలుపు, ఆంటీ. మా అమ్మ వెరైటీ" అని హిందీలో చెప్పింది.

ఈ ఉదయం ఎండిన పూలు నలిపి, గింజలు కొత్త పొట్లం కట్టింది. దానిమీద 'కలగలపు' అని తనే రాసింది. తెలుగులో అది సొంతంగా రాసిన మొదటి మాట. కొమ్ము మరిచిపోయింది.

నేను దిద్దలేదు పార్వతీ. వచ్చే వానలకి అదే దిద్దుకుంటుంది.