గేటు కాడి గోలీల డబ్బ

జులై 8, సోమవారం

ఈ కాలనీల చెట్లు పెట్టినప్పటి సంది నేనే మాలీని. ఇన్నేండ్లల్ల ఒక్కడు కూడ ఒక్క వస్తువు నా కోసమని కొని ఇయ్యలే. మిగిలింది ఇస్తరు. మిగిలిన బిర్యాని. పొట్ట పెరిగి పట్టని ప్యాంటు. పిల్లలు తొక్కి తొక్కి విరగ్గొట్టిన సైకిలు. ఇచ్చి మొఖం దిక్కు చూస్తరు — దండం పెడ్తనా లేదా అని. పెట్టను.

ఈ డైరీ కూడ గట్ల వచ్చిందే. అట్ట మీద ఏదో కంపినీ పేరు, లోపల పోయిన ఏడాది తారీకులు. కొట్టేసి రాస్తున్న. బస్సు బోర్డులు చూసి నేర్చిన అచ్చరాలు, వంకర ఉంటయి. ఉండనీ. ఎవడు చదువుతడు.

ఇయ్యాల గేటు కాడ అద్దం డబ్బ పెట్టిండ్రు. ఇండ్లల్ల మిగిలిపోయిన మందులు గా డబ్బల ఏస్తరట. మాలీలు, ఊడ్చేటోళ్లు, వంటోళ్లు — ఎవలకు కావాల్నంటే వాళ్లు తీస్కపోవాల్నట. సెక్రటరీ సారు రిబ్బన్ కత్తిరిచ్చిండు. సప్పట్లు. నన్ను పక్కకు పిలిచి ఫొటో. "పెద్దాయనా, కాస్త నవ్వు" అన్నడు.

నవ్వలే.

ఇగ రోగం కూడ వాళ్ల మిగిలిన మందుతోనే పోవాల్నా నాకు?

జులై 9, మంగళవారం

సత్తెమ్మ బువ్వ ముట్టలే. ఏమైందే అంటే ఏం లేదంటది. ఇంత ముసల్దైనా అబద్దం ఆడుడు రాలే నా పెండ్లానికి.

జులై 11, గురువారం

ఇయ్యాల నోరు ఇప్పింది. ఒంటికి పోతే మంట. మాటిమాటికి పోవాలె, సుక్క సుక్క వస్తది. ఎన్ని దినాల సంది అంటే తల వంచుకున్నది. నా కాడ సిగ్గేంది? దవాఖానకు పా అన్న. "మగ డాక్టరు ఉంటే?" అన్నది.

సీ బ్లాకుల మేడం ఇంట్ల వంట చేస్తది. ఆ మేడంకు చెప్పుకున్నదట — ఆడ సిగ్గు లేదు! మేడం సగం వాడిన గోలీల పత్త చేతిల పెట్టింది. "నాకూ ఇలాగే అయింది సత్యమ్మా. రెండు రోజులు వేసుకున్నానంతే, తగ్గిపోయింది. మిగిలినవి డబ్బాలో వేద్దామనుకున్నా. నువ్వే వాడెయ్యి."

ఎర్ర గోలీలు. పత్త మీద మందు పేరు సగం చినిగింది.

పారెయ్ అన్న. "నీకు ప్రతిదాంట్ల ఇజ్జతే కనబడ్తది" అన్నది. నా ముంగటనే మింగింది, గటగట నీళ్లు తాగి.

ఇచ్చిన చెయ్యి గుర్తొచ్చి మండింది నాకు. మందు సంగతి నాకేం ఎరుక.

జులై 12, శుక్రవారం

మంట తగ్గిందట. నన్ను చూసి నవ్వుతున్నది... గెలిచినట్టు.

జులై 13, శనివారం

పత్త అయిపోయింది. పొయ్యి కాడ బతుకమ్మ పాట. పండుగ ఏడనో ఉంది, పాట ఇప్పుడే. సరే, ఓడిన. ఓడితే ఏంది, ముసల్ది మంచిగున్నది కదా.

జులై 15, సోమవారం

మంచిగ లేదు.

పొద్దుగాల్నే చలి జరం. దుప్పటి మీద దుప్పటి కప్పిన, పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. నడుము పక్కన చెయ్యి ఆనిస్తే కేక పెట్టింది. తాగిన నీళ్లు కక్కింది. ఆటో పిలిచి బస్తీ దవాఖానకు తీస్కపోయిన.

ఆడ డాక్టరమ్మ ఉన్నది. చిన్న పిల్ల. గీమెకేం తెలుస్తది అనుకున్న.

"అమ్మా, దీనికి ముందే ఏమన్న గోలీలు వేసుకున్నవా?"

సత్తెమ్మ నా దిక్కు చూసింది. నేను గోడ దిక్కు చూసిన. తర్వాత వచ్చేటప్పుడు జేబుల ఏసుకున్న ఖాళీ పత్త తీసి బల్ల మీద పెట్టిన.

"ఎవరిచ్చిండ్రు?"

"సీ బ్లాకు మేడం."

"మేడం డాక్టరా?"

"సాఫ్ట్‌వేరు."

డాక్టరమ్మ నవ్వలే. "ఇది యాంటీబయాటిక్ తాతా. ఏ పురుగుకు ఏది, ఎంత, ఎన్ని రోజులు — చూసి ఇయ్యాలె. ఆమెకు రాసింది ఈమెకు సరిపోతదని ఎవరు చెప్పిండ్రు? మంట కొంచెం తగ్గింది, లోపల మాత్రం పోలే. కిడ్నీ దాకా పాకినట్టుంది."

కిడ్నీ. గా మాట తర్వాత జరసేపు ఏం వినబడలే. మా పక్కింటి బాలయ్య కిడ్నీ చెడి వారం వారం నెత్తురు కడిగే మిషను మీద పండుకునేటోడు. గిదే కండ్ల ముంగట తిరుగుతున్నది.

మళ్ల వినబడేసరికి ఆమె అడుగుతున్నది. ఎన్నడన్న ఏ మందుకన్న దద్దుర్లు లేచినయా? పెదాలు ఉబ్బినయా? ఊపిరి ఆడకుండ అయిందా? బీపీకి, షుగర్‌కు ఏం మింగుతున్నవు? అన్నిటికి జవాబు రాసుకున్నది. మూత్రం పరీక్షకు పంపింది. గప్పుడు సూది ఏసింది. గప్పుడు గోలీలు రాసింది. ఒక్క మందుకు ఇన్ని ప్రశ్నలా అనిపిచ్చింది. సీ బ్లాకు మేడం ఒక్కటి కూడ అడగలే.

"తాతా, నువ్వు విను. తగ్గిందని ఆపొద్దు. మర్చిపోతే తర్వాతిదాంట్ల కలిపి రెండు మింగొద్దు. ఎవరికీ ఇయ్యొద్దు. వాంతులు ఆగకపోయినా, జరం దిగకపోయినా ఇక్కడికి రాకు, సీదా పెద్ద దవాఖానకు పో."

అన్నీ విన్న. సత్తెమ్మ కండ్లు మూసుకొని ఉన్నది. ఆమె విన్నదో లేదో.

జులై 16, మంగళవారం

పొద్దున ఒకటి, పొద్దుమూకినంక ఒకటి. బువ్వ తిన్నంక. నా చేతితోనే ఇస్తున్న. నోరు తెరువు, చూస్త అన్న. "నేనేమన్న సంటిపోరినా" అని తిట్టింది. తిట్టనీ. తిట్టే ఓపిక వచ్చింది.

పనికి పోలే. సూపర్‌వైజర్ ఫోన్ కొడ్తుండు. ఎత్తలే.

మధ్యాహ్నం — కడుపు పోవుడు మొదలైంది. ఒకటి ఎనుక ఒకటి. "గీ మందే నన్ను తీస్కపోతది" అని పత్త గోడకేసి కొట్టింది. మింగిపియ్యాల్నా? ఆపాల్నా? అడుగనీకి ఇంట్ల ఎవరున్నరు? వానల ఉరికిన. గొడుగు మర్చిన.

దారిల మెడికల్ షాపు కాడ ఆగిన. కడుపు ఆగే గోలీ అడుగుదామని నోటిదాంక వచ్చింది. అడగలే. ఎందుకు అడగలేదో — పత్త పేరు చినిగి ఉండుడు యాదికొచ్చింది.

డాక్టరమ్మ: "నెత్తురు పడ్తుందా?" లేదన్న. "ఈ మందుతో కొందరికి గట్ల అయితది. ఓఆర్‌ఎస్ తాపియ్యి. నెత్తురు పడ్డా, ఆగకుండ పోయినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా తీస్కరా. నీయంతల నువ్వు ఆపకు. నీయంతల నువ్వు వేరేది కొనకు."

"కొనలే" అన్న. గట్టిగనే అన్న.

జులై 17, బుధవారం

జరం దిగింది. కడుపు కుదిరింది. గోడకు ఆనుకొని చాయ్ తాగింది, చక్కెర తక్కువైందని వంక పెట్టింది.

రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి చెప్పింది — సీ బ్లాకు నుంచి వచ్చిన మందుకు ఈ పురుగు లొంగదట. ఇప్పుడు మింగేదానికి లొంగుతది. ఇదే నడిపియ్యి, అన్నీ అయిపోయినంక ఒకసారి తీస్కరా అన్నది.

దండం పెట్టిన. నా చేతులు వాటంతట అవే లేచినయి.

జులై 18, గురువారం

ముసల్ది లేచి ఇల్లు ఊడ్చింది. పనికి పోతనంటది. వద్దన్న. ఇగ పంచాయితి.

"మంచిగైన కదా. ఇంక మింగితే ఉత్తగ ఖరాబు చేసుడే. మిగిలినయి డబ్బల ఏస్త."

"ఏ డబ్బల?"

"గేటు కాడి డబ్బల."

"దిమాక్ ఉన్నదా నీకు?"

"నీకే ఉన్నది దిమాక్! ఇన్నేండ్లు గీ కాలనీల తీసుకునుడే ఆయె. ఎన్నడన్న మనం ఒక్కరికి ఇచ్చినమా? గా అద్దం డబ్బల నా చేతితోటి ఏస్తే... నలుగురు చూస్తరు. సత్తెమ్మ కూడ ఇచ్చింది అంటరు."

ఈ మంట నా ఒక్కని లోపలనే ఉన్నదనుకున్న. ఆమె లోపల కూడ ఉన్నదా? ఎన్నడు చెప్పలే. నేను ఎన్నడు అడగలే.

అయినా వద్దన్న. డాక్టరమ్మ ఎవరికీ ఇయ్యొద్దన్నది, అన్నీ నువ్వే మింగాలన్నది అన్న. "సరే" అన్నది.

నమ్మిన. పొద్దుమూకినంక బయట కానుగ కొమ్మలు పడితే తియ్యనీకి పిలిచిండ్రు, పోయిన. గోలీ నువ్వే వేసుకో అని చెప్పి పోయిన.

జులై 19, శుక్రవారం

పత్త లేదు. దిండు కింద లేదు, గూట్ల లేదు.

"ఏసిన" అన్నది. "నిన్ననే."

"మింగినవా, మింగకుండనే ఏసినవా?"

మొఖం తిప్పుకొని పొయ్యి కాడికి పోయింది.

ఉరికిన. గేటు కాడ మూత తీసి డబ్బ మొత్తం నేల మీద బోర్లిచ్చిన. దగ్గు మందు సీసలు, కంటి చుక్కలు, సగం సగం పత్తలు, ఇంకా సగం పత్తలు... అన్నీ ఎవరో ఆపేసినయే. ఆఫీసులకు పోయే కార్లు లైను కట్టినయి. హారన్లు. ఎవడో కారు అద్దం దించి — "పాపం తాతకి ఏం కావాలో ఇచ్చెయ్యండయ్యా, లేటవుతోంది."

సెక్యూరిటీ యాదగిరి ఉరికొచ్చిండు. "పెద్దయ్యా, ఏంది గిది? నా నౌకరి పీకిస్తవా?"

"మా ఆమె గోలీలు, యాదగిరీ. నీలి పత్త. చూడు జర."

సెక్రటరీ సారు దిగొచ్చిండు, చేతికి ఇంకా చట్నీ ఉన్నది. "పెద్దాయనా, అడిగితే ఇవ్వమా? మీకోసమే కదా పెట్టింది. ఇలా కెలకడం ఏంటి చెప్పు."

"తీసుకోనీకి రాలే సారూ. మా ఆమె ఏసింది. వాపస్ తీసుకోనీకి వచ్చిన."

"మీ ఆవిడ వేసిందా?" నవ్విండు. "వేసి మళ్ళీ వెనక్కి తీసుకుంటారా ఎవరన్నా?" నలుగురు నవ్విండ్రు. సత్తెమ్మ నలుగురు చూడాలన్నది కదా... చూసిండ్రు.

పత్త లేదు. ఎవలో తీస్కపోయిండ్రు.

"సారూ, మీ ఇంట్ల జరమొస్తే గీ డబ్బల చెయ్యి పెడ్తరా?" అన్న. సారు ఫోన్ చూసుకున్నడు. "ఆదివారం మీటింగ్‌లో మాట్లాడదాంలే" అన్నడు. మూత పెట్టిచ్చిండు. కార్లు పోయినయి.

సత్తెమ్మను దవాఖానకు తీస్కపోయిన. డాక్టరమ్మ ఆమెను తిట్టలే. "తప్పింది పోనీ అమ్మా, ఇప్పుడు ఒక్కటే వేసుకో" అని మిగిలిన రోజులకు మళ్ల ఇచ్చింది. తర్వాత నా దిక్కు తిరిగింది.

"ఆ పత్త ఎవరు తీసుకున్నరు తాతా?"

"తెల్వదు."

"ఈమెకు అన్నీ అడిగి ఇచ్చిన. వాళ్లను ఎవరూ అడగలే. ఈ మందు పడనోళ్ల చేతిల పడితే..." పెన్ను మూత పెట్టింది, తీసింది. "దొరికితే మింగొద్దని చెప్పు. మింగినా సరే, ఇక్కడికి రమ్మను."

జులై 20, శనివారం

కాలు ఒక్కకాడ నిలుస్తలేదు. కత్తెర పట్టుకొని బ్లాకు బ్లాకు తిరుగుతున్న. ఒక్క కొమ్మ కొయ్యలే. మొఖాలు చూస్తున్న. ఊడ్చే లచ్చిమి పెదాలు ఎర్రగ ఉబ్బినట్టున్నయి — అడిగితే "పాన్ తిన్న పెద్దయ్యా" అన్నది. కార్లు కడిగేటోళ్లను అడిగిన, లిఫ్టు ఆయనను అడిగిన. డబ్బలకెళ్లి తీసుకున్నవా? లేదు. లేదు. తీసుకున్నోళ్లు చెప్తరా? నిన్న నేను బోర్లిచ్చింది అందరు చూసిండ్రు. ముసలోడు దొంగను పడ్తుండు అనుకుంటున్నరు.

సత్తెమ్మ గోలీ మింగింది, నోరు తెరిచి చూపిచ్చింది, నేను అడగకుండనే. తర్వాత ఏడ్చింది. "నేనిచ్చిందానితోటి ఎవరికన్న ఏమన్న అయితే?" ఏం కాదు అని చెప్పనీకి నా కాడ ఏమున్నది?

గేటు కాడ కెమెరా ఉన్నది. పనోళ్ల సంచులు చూడనీకి పెట్టిండ్రు. పోయిన నెల క్లబ్బు హౌసుల స్టీలు గిలాసలు పోతే తెల్లారేసరికి గా కెమెరా చూసి మనిషిని పట్టుకున్నరు. సెక్రటరీ సారు కాడికి పోయిన. కెమెరా చూడుండ్రి, ఎవలో చెప్పుండ్రి అన్న.

"ప్రైవసీ ఉంటుంది పెద్దాయనా. కమిటీ పర్మిషన్ కావాలి."

"గిలాసలకు అడిగినరా పర్మిషన్?"

లోపలికి పోయిండు. తలుపు ఏసుకున్నడు.

రేపు ఆదివారం. పొద్దుగాల్నే క్లబ్బు హౌసు మెట్ల మీద కూసుంట. సూపర్‌వైజర్ లెవ్వమంటే లేవను. మీటింగు తర్వాత మాట్లాడుదాం అంటే వినను. మీటింగు షురూ అయ్యే లోపల ఆ కెమెరా చూడాలె, ఆ మనిషి ఎవలో నాకు చెప్పాలె. పట్టియ్యను. తిట్టను. మింగకు, నడువు దవాఖానకు — గింతే చెప్త.

సారూ, రేపటి మీటింగు లోపల చెప్పుండ్రి. ఎవలు తీసిండ్రు?