అడగని కాగితం

నారిన్, మార్చి 3

ప్రియమైన కల్బు అక్కకి,

కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషివి, కాగితం మీద రాసి మినీబస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపడమేమిటే అని నవ్వుతావు. ఫోన్ల లోపల ఏం జరుగుతుందో తెలిసినదాన్ని కాబట్టే అక్కా.

ముందు మంచి కబురు. నా విద్యార్థిని మీరిమ్‌కి బిష్కెక్‌లోని ఓ కంపెనీ పని ఇచ్చింది. గొర్రెల కాపరి కూతురు, నిరుడు నువ్వు నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలు గిన్నెడు మింగి "ఇంకా ఉన్నాయా పిన్నీ?" అని అడిగిందే, ఆ పిల్ల. కంపెనీ తరఫున కుబాత్ అనే ఆయన వచ్చాడు. బ్యాంకు ఉద్యోగులు మోసపోతారో లేదో పరీక్షించడానికి దొంగ సందేశాలు తయారుచేయాలట. "మనవాళ్ళు దేన్ని నమ్ముతారో మనవాళ్ళకే కదమ్మా తెలిసేది" అన్నాడు. మీరిమ్ ఫోన్‌లో నొక్కితే తెరుచుకునే ఊయల వేడుక పిలుపు ఫైలు ఒకటి తయారుచేసింది. పిలుపు వస్తే తెరవకుండా ఉండేవాళ్ళు మనలో ఎవరున్నారు? నేనే దిద్దాను. చివర, పెద్దల్ని కూర్చోబెట్టే చోటు గురించి ఓ వాక్యం కలిపాను కూడా: "గుమ్మానికి ఎదురుగా మీ చోటు ఖాళీగానే ఉంచాం." కుబాత్ చప్పట్లు కొట్టాడు. నా కడుపు నిండిపోయింది.

కానీ ఒకటి మనసులో ముల్లులా ఉంది. అనుమతి కాగితం లేకుండా ఎవరి కంప్యూటర్ తాళమూ ముట్టుకోకూడదని మొదటిరోజే పిల్లలకి చెబుతాను. ఎవరు అనుమతిచ్చారో నోటుబుక్కులో రాయిస్తాను, రాసింది దిద్దనివ్వను. ఆరోజు కుబాత్ మా ఇంట్లో పెద్దల చోట కూర్చుని రొట్టె విరిచాడు. మా మామగారు అరచేతులు చాచి బాతా దీవెన ఇచ్చారు. వంటింట్లో మీరిమ్ నా చెవిలో గుసగుసలాడింది.

"టీచర్, కాగితం అడగలేదేం?"

"ష్! దీవెన అయ్యాక కాగితం అడిగితే అతిథి ముఖాన ఉమ్మినట్టే."

"మరి నోటుబుక్కులో ఎవరి పేరు రాయను?"

"నా పేరే రాసుకో పోవే!"

ఆ సందేశం తీసుకెళ్ళిన నాటి నుంచి అతను ఫోన్ ఎత్తడం లేదు. పనుల్లో ఉన్నాడేమో.

నీ బురుల్

కోచ్కోర్, మార్చి 9

పిచ్చి బురుల్‌కి,

నువ్వూ నీ ముల్లూనూ! కంపెనీవాళ్ళకి నీతో కబుర్లాడే తీరికుంటుందా? ఇది విను. సుల్తాన్ మావయ్య మనవడి బిడ్డకి ఊయల వేడుకట, నిన్న ఫోన్‌లో పిలుపు వచ్చింది. ఆ మనవడికి పెళ్ళెప్పుడైందో నాకు గుర్తులేదు, అయినా పిలిచాక వెళ్ళకపోతే బాగుంటుందా? నొక్కితే ఏమీ తెరుచుకోలేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది. నా ఫోన్‌కీ నా మోకాలి జబ్బే పట్టుకుంది. కానీ నా పేరుతో మన వంశంలో అందరికీ వెళ్ళినట్టుంది, తెరిచామని అందరూ ఫోన్లు చేస్తున్నారు.

ఎంత మర్యాదగా రాశారనుకున్నావు! మీ చోటు గుమ్మానికి ఎదురుగా ఖాళీగానే ఉంచాం అన్నారే. మీ బావ పోయాక నన్ను పెద్దల చోట కూర్చోమన్నదెవరు? ఏడుపొచ్చింది. తెల్ల తలగుడ్డ ఇస్త్రీ చేసిపెట్టుకున్నాను. నువ్వూ రా, కలిసి వెళదాం.

కల్బు

నారిన్, మార్చి 12

అక్కా,

ఆ ఇంట్లో ఊయల లేదు, బిడ్డా లేడు. ఆ పిలుపు మాది. నిన్ను ఏడిపించిన వాక్యం నాది.

నీ ఉత్తరం చదవగానే ఆ వాక్యం గుర్తుపట్టాను. వెంటనే ఫోన్ చేశాను, అప్పటికే, ఆ పిలుపు నొక్కినందుకు, నీ మోకాలి ఆపరేషన్‌కి దాచుకున్నదంతా బ్యాంకు ఖాతాలోంచి పోయింది. మన వంశంలో నలభై ఇళ్ళవాళ్ళది ఇదే గతి. ఆ ఫైలు లోపల మీరిమ్ పేరు ఉండటంతో, చేసింది అదేనని పోలీసులకి తెలిసింది. కుబాత్ వేరే నంబరు నుంచి ఒక్కసారి మాట్లాడాడు. "నేను మీ ఇంట్లో టీ తాగి వెళ్ళానంతే కదా టీచరమ్మా. కాదంటే కాగితం చూపించండి" అని నవ్వాడు.

ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు. జైలుకి పోతే ఇక ఈ రంగంలో దాన్ని గడప తొక్కనివ్వరు. అందుకే నిర్ణయించుకున్నాను. రేపు వెళ్ళి, అంతా నేనే చేశాను, పిల్ల పేరు వాడుకున్నాను అని చెబుతాను. దానికి ఈ సంగతి చెప్పి, నోటుబుక్కు పొయ్యిలో వేసెయ్యమన్నాను. రాసింది దిద్దకూడదని చెప్పిన నోటితోనే ఆ మాటన్నాను. అది నోటుబుక్కు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు.

బురుల్

నారిన్, మార్చి 13

ప్రియమైన టీచర్‌కి,

ఈ ఉత్తరం మా తమ్ముడు తెస్తాడు. మీరు స్టేషన్‌కి బయల్దేరకండి. నేను పొద్దున్నే వెళ్ళి వచ్చాను.

నోటుబుక్కు కాల్చలేదు. కుబాత్ ఏ రోజు ఏం అడిగాడో, ఫైలు ఎక్కడికి పంపమన్నాడో, అతని కారు నంబరు, అన్నీ అందులో ఉన్నాయి. మీరు నేర్పినట్టే రాశాను. దాన్నిబట్టి అతన్ని పట్టుకుంటామన్నారు. "చేసింది: మీరిమ్" అని నా చేతి రాతే ఉంది, కాబట్టి అంతా మీరే చేశారంటే ఎవరూ నమ్మరు.

దాని పైన "అనుమతి ఇచ్చినవారు" అన్న గడిలో మీ పేరుంది. ఆ పేజీ చించేద్దామని చాలాసేపు పట్టుకు కూర్చున్నాను టీచర్. చేతులు రాలేదు. అదొక్కటీ చించితే మిగతావేవీ నిజం కావని మీరే కదా చెప్పారు. అధికారి మీ పేరు మీద వేలు పెట్టి "ఈవిడెవరు?" అని అడిగాడు. "మా టీచర్" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

మధ్యాహ్నం వాళ్ళు మీ ఇంటికి వస్తున్నారు. తలుపు తీయండి. వాళ్ళ దగ్గర కాగితం ఉంది, నేను అడిగి చూశాను.

మీ మీరిమ్