గిజిగాడి పసుపు

ఆగస్టు 3, సిరిసిల్ల

వంద ప్రింట్లూ అయ్యాయి! గిజిగాడి జంట, వేలాడే గూడు. పాత ఇంగ్లీషు పక్షుల పుస్తకం చూసి బ్లాక్ నేనే చెక్కాను. అందులో ఉన్నట్టే మట్టిరంగు ఆడపిట్ట గూడు అల్లుతోంది, పసుపు మగది పక్క కొమ్మ మీద కూర్చుంది. ఇక చేత్తో రంగులు వేయడమే. తొమ్మిదో తారీఖున హైదరాబాద్ వాళ్లకు తొంభై ఇవ్వాలి. నా మొదటి ఆర్డర్. డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం మానేసింది దీనికోసమే. ప్రింట్లు వేసిన కాగితం ఇంకొక్క షీటు కూడా లేదు.

దుబాయ్ నుంచి మా ఆయన భూమేశ్ వీడియో కాల్. మేడిపల్లిలో తను కట్టిస్తున్న మా ఇల్లు స్లాబ్ దాకా అచ్చిందట. పోయి సూసిరా, నచ్చకుంటే మార్పిస్త అంటాడు. రోజూ ఇదే పాట. టైం లేదని విసుక్కున్నాను.

ఆగస్టు 4

ఆరు షీట్లకు రంగు వేశాను. పక్కింటి ఐలవ్వ మగ్గానికి నూలు కండెలు చుట్టడం ఆపి చూడ్డానికి వచ్చింది. చూసి పడీపడీ నవ్వింది. గిదేంది ఊర్మిలా, ఆడిది అల్లుతాంటే పసుపుది కూసోని సూస్తదా, అంది. అల్లేది మగదేనట. చిన్నప్పుడు గంభీరావుపేటలో కలుపు తీస్తూ రోజూ చూసేదట. సగం అల్లి ఆడదాన్ని పిలుస్తదట. అది లోపలికి దూరి చూసి, మెచ్చకుంటే ఎగిరిపోతదట. మా ఇంట్లసుత గంతే, మగ్గం మీద మా ఇంటాయన ఓదెలు, కండెల కాడ నేను, అంది.

ఆ పుస్తకంలో బొమ్మ గీసినాయన చచ్చిన పిట్టల్ని చూసి గీసుంటాడు. మరి నేను? మానేరు ఒడ్డున గూళ్లు వేలాడుతుంటే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పుస్తకాన్ని నమ్మాను.

ఆగస్టు 5

ఏడ్చాను.

ఆగస్టు 6

మళ్లీ ఐలవ్వే. నల్ల గీతలు రెండిటికీ ఒక్కతీర్గనే ఉన్నయి గదా, గా రంగు దీనికి, గీ రంగు దానికి ఎయ్యి, అయిపాయె, అంది.

నాకెందుకు తట్టలేదు! అల్లేదానికి పసుపు, చూసేదానికి మట్టిరంగు. తొంభై నాలుగు బతికాయి.

ఆగస్టు 8

పాత ఇంగ్లీషు పుస్తకాల ప్రింట్ల కింద గీసినవాడి పేరు, అచ్చు వేసినవాడి పేరు ఉండేవి. రంగులు వేసినవాళ్ల పేర్లు నేనెక్కడా చూడలేదు. ప్రతి షీటు కింద పెన్సిల్‌తో రాశాను: దిద్దింది ఐలవ్వ. చూపిస్తే, నా పేరెందుకు బిడ్డా, గా పిట్ట పేరు రాయరాదా, అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతమంది సార్ల దగ్గర నేర్చుకున్నాను, ఈమెకే దండం పెట్టాలనిపించింది. పెట్టాను.

ఆగస్టు 9

ఇచ్చేశాను. తీసుకున్నారు.

ఆగస్టు 10, మేడిపల్లి

ఇల్లు సగమే అయింది. లోపలికి వెళ్లి ప్రతి గదీ చూశాను. భూమేశ్‌కు కాల్ చేశాను. నచ్చింది, ఉంటాను అన్నాను.