మూఢంలో బ్రేకులు

డిసెంబర్ 1, సోమవారం

కారు మళ్ళీ కీచుమంది. రైల్వే గేటు దగ్గర బ్రేకు నొక్కగానే... నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. బ్రేక్ పాడ్ అరిగిపోతే తెలియడానికే అందులో చిన్న రేకు పెడతారు. అది చక్రంతో తిరిగే డిస్కుకి రాసుకుని అరుస్తుంది. ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. "కాలువగట్టు దుమ్ము. కడిగిస్తే పోతుంది." ఈయన తిరిగేది బైకు మీద. రోజూ ఆ గట్టు మీద కారులో స్కూలుకి వెళ్ళేది నేనూ, మా లహరీ — తల్లీకూతుళ్ళం. పిల్లలకి ఘర్షణ పాఠం చెప్పేది కూడా నేనే. అయినా దుమ్మేనట!

డిసెంబర్ 3, బుధవారం

మెకానిక్ సూరిబాబు షెడ్డుకి వెళ్ళాను. చక్రం విప్పి చూపించాడు. "అరిగిపోయాయండి టీచర్‌గారూ. రూపాయి బిళ్ళంత మందం కూడా లేదండి." మార్చెయ్యమన్నాను. చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. "సార్‌ని ఓ మాట అడిగేస్తానండి." ఎందుకయ్యా? బండి నా పేరున ఉంది, నడిపేది నేను. "ఆయ్, నిజమేనండి. మళ్ళీ సార్ దగ్గర మాటొస్తుందండి..."

సార్ ఫోన్లో సెలవిచ్చింది ఇదీ — మూఢం నడుస్తోంది, మూఢంలో కొత్త సామాను వద్దని అమ్మ అంటోంది, వెళ్ళాక చూద్దాం. సూరిబాబు చక్రం బిగించేశాడు. ఒళ్ళు మండిపోయింది.

మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, సరే. గ్యాస్ అయిపోతే పస్తుంటామా? మొన్న ఈయన కొన్న కొత్త ఫోను ఏ ముహూర్తంలో కొన్నారో!

డిసెంబర్ 5, శుక్రవారం

కారు కొన్న షోరూమ్‌కి. "ఎస్టిమేట్ ఓకే చెయ్యాలి మేడమ్, ఓటీపీ సార్ నంబర్‌కి వెళ్ళింది." సార్ చెప్పరు. నంబర్ మార్చండి అన్నాను. దానికీ ఓటీపీ... ఆ నంబర్‌కే. నా జీతంతో కొన్న కారు!

డిసెంబర్ 8, సోమవారం

ఇప్పుడు కీచు లేదు. గరగర. పాడ్ మొత్తం పోయి ఇనుము ఇనుముకి రాసుకుంటోంది.

సాయంత్రం గట్టు మీద రొయ్యల లారీ, నీళ్ళు కార్చుకుంటూ మా ముందే పోతోంది. ఉన్నట్టుండి ఆగింది. నొక్కాను... ఇంకా నొక్కాను... జానెడు దూరంలో ఆగాం. లహరి బ్యాగు జారి పుస్తకాలన్నీ కాళ్ళ దగ్గర. అప్పుడు పిల్ల అన్న మాట — "అమ్మా, నాన్నకి చెప్పకు. నీకు నడపడం రాదంటారు."

ఏడో తరగతి. అప్పుడే తెలిసిపోయింది దానికి.

డిసెంబర్ 9, మంగళవారం

చెప్పాను. "గ్యాప్ ఉంచుకోవాలి. ఆడవాళ్ళ డ్రైవింగ్..." పిల్ల అన్నదే, పొల్లుపోకుండా. పైగా శుక్రవారం పిఠాపురంలో అత్తయ్యగారి మొక్కు ఉందిగా — "లహరిని కూడా తీసుకెళ్దాం. నేనే నడుపుతా. బ్రేకులు ఎందుకు పడవో చూస్తా." చేతులు కాలాక ఆకులు పట్టుకునే మనిషి. కాలేది ఈయన చేతులొక్కటే అయితే ఊరుకుందును.

డిసెంబర్ 10

స్కూలుకి ఆటోలో. కారు తాళం నా బ్యాగులో.

డిసెంబర్ 11, గురువారం

మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చేశాను. ఈయన ఇంట్లో లేరు. అత్తయ్యగారిని కారులో కూర్చోబెట్టి, అద్దాలు దించి, మా వీధిలోనే మెల్లగా ఒక్క చుట్టు. బ్రేకు నొక్కాను. "ఇదేంటమ్మా, తిరగలి తిప్పినట్టు!" ఇంకోసారి నొక్కాను. ఆవిడ డాష్‌బోర్డు పట్టుకున్నారు. "మూఢం అని నేనన్నది..." అంతే.

వచ్చి తాళం బియ్యం డబ్బాలో దాచాను. దొంగలా. నా తాళమే!

సాయంత్రం ఈయన ఇల్లంతా వెతుకుతున్నారు. "తాళం ఏది?" అప్పుడే అత్తయ్యగారు బియ్యం కొలుస్తున్నారు. ఆవిడ చెయ్యి డబ్బాలో ఆగింది. నా వైపు చూశారు. మూత పెట్టేశారు.

"పోనీలే, బీరువాలో ఇంకో తాళం ఉందిగా. అమ్మా, బీరువా తాళాలియ్యి."

అవి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉంటాయి. చెయ్యి వేసి తడుముకున్నారు. "పొద్దున ఇస్తాలేరా. ముందు అన్నం తిను."

తెల్లవారుజామునే ప్రయాణమట. లహరికి గౌను కూడా ఈయన తీసి పెట్టారు. అన్నాల దగ్గర అందరం తింటున్నాం. ఆవిడ మాత్రం అన్నంలో చెయ్యిపెట్టి కూర్చున్నారు... ఎడమచెయ్యి బొడ్డు మీదే.

ఇస్తారా?