పాత బజారు కింద నుయ్యి

2003 ఆగస్టు, ఆదివారం

చర్చి నుంచి నేరుగా ఎస్టీడీ బూత్‌కి వెళ్లి కూర్చున్నాను. ప్రతి ఆదివారం ఢిల్లీ నుంచి పదకొండింటికి వచ్చే మా ఆయన ఫోను ఇవాళ ఒంటిగంటన్నరకి వచ్చింది. గొంతు వినగానే ఏదో జరిగిందని తెలిసిపోయింది.

"ఏటయ్యింది? సెప్పండి," అన్నాను.

పాత బజారు కింద, అరవై అడుగుల లోతున మెట్రో రైలు స్టేషన్ తవ్వే పనిలో ఉన్నారు కదా ఈయన. నిన్న అక్కడ ఎప్పటిదో ఇటికల నుయ్యి బయటపడిందట. రాజుల కాలం నాటిదట, ఏ మ్యాపులోనూ లేదట. దాని పక్క మట్టి జారి బురదనీళ్లు మీదకి వచ్చాయి. ఈయన నిచ్చెన అందుకున్నారు. కానీ ఈయనతో పనిచేసే రోలుగుంట అప్పలరాజు నడుం దాకా కూరుకుపోయాడు. ఈయనే మళ్లీ దిగి అతన్ని లాగారట. అప్పలరాజు ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఇంక సాలు. వచ్చీండి."

"ఆడ్ని ఒగ్గీసి ఎలా వత్తానే? అయినా ఆ నుయ్యి సూడాలి నువ్వు! ఒక్క ఇటిక కదల్లేదు. కట్టిన మేస్త్రీ ఎవడో గానీ..."

ఆయనా మేస్త్రీయే. ఆ గొంతులో సంబరం విని నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగింది, "ఆడేటన్నాడే?"

"తవ్వుతుంటే నుయ్యి బయటపడిందట. నీళ్లు బాగా ఉన్నాయట," అన్నాను.

"మంచి పని సేసేడు నా కొడుకు," అంటూ పక్కింట్లో చెప్పడానికి వెళ్లింది.

రేపు పొద్దున్న ఆరింటికి ఆయన మళ్లీ దిగుతారు. వచ్చే ఆదివారం దాకా నాకేమీ తెలియదు.