వెనకవైపు లేని బురుజు

ఈ వీలునామా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. వచ్చే సోమవారం, పద్నాలుగో తేదీన, నా గుండెకు ఆపరేషన్. దానికి ముందు రోజు, ఆదివారం, మన బురుజు చివరిసారి తెరిచి ఉంటుంది. ఆ తర్వాత మరమ్మతులట. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో బోర్డు మీద రాయలేదు. నా విషయంలో భయం లేదని డాక్టర్ గారు అంటున్నారు. బురుజు విషయంలో ఆ మాట అనేవాళ్ళు కూడా లేరు. అందుకని మా ఇద్దరిలో ఎవరు ముందు మూతపడినా ఇబ్బంది లేకుండా ఈ కాగితం రాసిపెడుతున్నాను.

బురుజు వీధి బొమ్మల మేస్త్రి రెండో కూతురిని, ఇరవై ఆరేళ్ళదాన్ని, బస్టాండు విచారణ కౌంటరు ఉద్యోగిని అయిన నేను, పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాసి ఇస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని వార్డు నర్సు సాక్ష్యం చెబుతుంది. మొదటి రోజు ఆవిడకు కాస్త అనుమానం వచ్చిన మాట నిజమే, ఆ సంగతి ఐదో అంశంలో వస్తుంది. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టే మొదటి మనిషిని నేనే కాబట్టి, అవసరం లేని పేజీలోనూ సంతకం పెట్టాను.

దీని అమలుకు మా కౌంటరు సూపర్‌వైజర్ మేడమ్‌ని బాధ్యురాలిగా నియమిస్తున్నాను. మనిషి పోయాకే వీలునామా చదవాలని ఆవిడ చెప్పారు. నాది మాత్రం నేనుండగానే, రేపు బుధవారం, మా బొమ్మల కొట్టు ముందు నిలబడి గట్టిగా చదివి వినిపించాలని కోరుతున్నాను. గట్టిగా ఎందుకంటే, నచ్చని మాటలు మా అత్తయ్య చెవిన పడవు. మధ్యలో బేరం వస్తే నాన్న లేచిపోతాడు. ఆయన మళ్ళీ కూర్చునేదాకా ఆగి, ఆ అంశాన్ని మొదటి నుంచి చదవాలి.

ఇక నా ఆస్తి, దాని పంపకం.

1. అమ్మకు: బ్యాంకులో నా పేరున ఉన్నదంతా అమ్మకే చెందాలి. దాని గురించి ఇంతకుమించి రాయను. రాస్తే మిగతావి ఎవరూ వినరు.

అది కాక నా ఎర్ర దుప్పటి కూడా అమ్మకే. దీనికి కారణం ఉంది. మా కొట్టులో ప్లాస్టర్‌తో పోసిన చిన్న చిన్న బురుజులు అమ్ముతాం. నాన్న అచ్చు పోస్తాడు, అమ్మ రంగులు వేస్తుంది. బురుజెక్కి దిగివచ్చిన యాత్రికుడెవరైనా కొట్టు దగ్గర ఆగితే, బొమ్మని కాగితంలో చుడుతూ అమ్మ ఒకటే ప్రశ్న అడుగుతుంది. "పైనుంచి మా ఇల్లు కనబడుతుందాండీ?" "ఏ ఇల్లమ్మా?" అంటారు వాళ్ళు. "అదేనండీ, మాది," అంటుంది అమ్మ. కాళ్ళు పీకుతున్న మనిషి ఇంకేం వాదిస్తాడు? "ఆ, బ్రహ్మాండంగా కనబడుతుంది," అని వెళ్ళిపోతాడు. ఆ రోజంతా అమ్మ కూనిరాగాలు తీస్తూనే ఉంటుంది.

కాబట్టి ఆదివారం పొద్దున్నే అమ్మ ఆ ఎర్ర దుప్పటిని మన డాబా మీద తీగకు ఆరేసి, తర్వాత బురుజెక్కాలి. ఎర్రగా కనబడిందే మనిల్లు. ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.

2. నాన్నకు అక్కా, నాకు మేనత్తా అయిన అత్తయ్యకు: నా కాన్వాసు బూట్లు. బురుజెక్కడానికే కొనుక్కున్నాను. డబ్బాలోంచి ఇంతవరకూ బయటికి రాలేదు. ఇద్దరి పాదాలూ ఒకటే కొలత.

అత్తయ్య మీద నాకు కోపం ఉంది. వీలునామాలో అబద్ధం రాయకూడదు కనుక రాస్తున్నాను. "ఆడపిల్లకి ఆరో తరగతి చాల్లేరా, మిగతాది అచ్చులు కడుగుతూ నేర్చుకుంటుంది," అని నాన్నతో అంది అత్తయ్యే. ఏడో తరగతికి నాన్న నన్ను పంపితే, వాన రోజుల్లో గొడుగు పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడిందీ అత్తయ్యే. "నీకోసం కాదే, పుస్తకాలు తడుస్తాయని," అనేది. ఈ రెండిట్లో ఏది ఎక్కువో నాకింకా తేలలేదు. బూట్లు మాత్రం ఆవిడకే.

బురుజంటే అత్తయ్య ఎప్పుడూ చెప్పేది ఒకటే. "లిఫ్టు పెడతారటర్రా, అప్పుడు దర్జాగా వెళ్దాం." ఆ లిఫ్టు నేను పుట్టకముందు నుంచీ వస్తూనే ఉంది. మోకాళ్ళ నొప్పులన్న వాదనను ఈ వీలునామా ఒప్పుకోదు. వీధిలో ఎవరైనా పోట్లాడుకుంటే డాబా మీద నుంచి ఆవిడ ఎంత వేగంగా దిగుతుందో నేను కళ్ళారా చూశాను.

3. అక్క భర్త, ఆటో డ్రైవరైన బావకు: నా దుర్భిణి. ఎవరో ప్రయాణికుడు మా కౌంటరు దగ్గర మరిచిపోయి, ఎంతకాలానికీ రాకపోతే ఆఫీసువాళ్ళు నాకిచ్చేశారు. బావ రోజూ బయటి ఊళ్ళవాళ్ళని జలపాతానికీ, మ్యూజియానికీ, బురుజుకీ తిప్పుతాడు. వాళ్ళు లోపల తిరుగుతుంటే ఆటోలో కాళ్ళు చాపుకుని నిద్రపోతాడు. జలపాతం ఎలా ఉంటుంది బావా అని ఒకసారి అడిగాను. కాసేపు ఆలోచించి, "పార్కింగు బాగుంటుంది," అన్నాడు. మ్యూజియం సంగతి అడిగితే, "అక్కడ నీడ లేదు," అన్నాడు.

దుర్భిణితో ఆటోలోంచే అన్నీ చూసేయొచ్చని ఆయన అనుకుంటాడు, అనుకోనివ్వండి. అయితే అది ఆదివారం మధ్యాహ్నం తర్వాతే ఆయనకు చెందుతుంది. అప్పటిదాకా దానితో నాకు పని ఉంది.

4. నా చోట కౌంటరులో కూర్చునే అమ్మాయికి, ఆమె ఎవరైనా సరే: నా కుర్చీ మీది దిండు. దాంతోపాటు ఒక సలహా. "బురుజు చూడదగిందేనా మేడమ్?" అని రోజూ అడుగుతారు. "తప్పకుండా చూడండి, చాలా బాగుంటుంది," అనాలి. నేను నాలుగేళ్ళుగా అదే చెప్పాను. మా సూపర్‌వైజర్ మేడమ్ ఇరవై ఏళ్ళుగా చెబుతున్నారు. ఇద్దరిలో ఒక్కరమూ ఎక్కలేదు. అయినా వెళ్ళొచ్చినవాళ్ళెవరూ మా మాట తప్పన్లేదు.

5. నాన్నకు: ఈ అంశం దగ్గర చాలాసేపు కలం ఆగింది. కొట్టు ఆయనదే. అచ్చు తాత చేతిది. నాన్నకు ఇవ్వడానికి నా దగ్గర ఏముందని అనుకున్నాను. పోయిన మంగళవారం ఆసుపత్రిలో చేరాక ఒకటి దొరికింది.

ముందు మా వారం ఎలా నడుస్తుందో రాస్తాను. బురుజుకు సోమవారం సెలవు. బురుజు మూస్తే బేరాలుండవు కాబట్టి మా కొట్టుకూ సోమవారమే సెలవు. మాకు తీరిక దొరికిన రోజున బురుజు తెరవరు, బురుజు తెరిచిన రోజున మాకు తీరిక దొరకదు. తాత రోజుల నుంచీ ఇంతే. అక్క పెళ్ళి సోమవారం. ఇల్లు మారింది సోమవారం. నేనొక్కదాన్నే గురువారం పుట్టాను. "నిండు బేరాల వేళ పుట్టింది మహాతల్లి," అని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. వార్డులోకి చుట్టాలను రానివ్వరు కనుక, నిన్న కింది హాల్లో డాక్టర్ గారు ఆపరేషన్ వచ్చే సోమవారం అనగానే అమ్మ ముఖం తేటపడింది. "సోమవారమా, నయం. అందరం రావచ్చు." మా కొట్టుకు తను ఎంత మేలు చేశారో పాపం ఆ డాక్టర్ గారికి తెలియదు.

ఇక అచ్చు సంగతి. తాత దాన్ని ఒక క్యాలెండరు బొమ్మ చూసి చేశాడు. క్యాలెండరులో బురుజు ముందువైపే ఉంది. వెనక కాలువ, అటూ ఇటూ ఎత్తు గోడలు, అటు వెళ్ళే దారి లేదు. లోపలికెళ్ళి పైకెక్కితే తెలిసేదే కానీ, సోమవారాల గొడవ చెప్పాను కదా. అందుకని తాత వెనకభాగాన్ని నున్నగా వదిలేశాడు. అప్పటి నుంచి మా కొట్టులో ఎవరు కొన్నా వెనకవైపు లేని బురుజునే కొన్నారు. అవి ఎన్ని ఊళ్ళకు వెళ్ళాయో! మేము మాత్రం దాని నీడలో కూర్చుని బొమ్మలు ఆరబెట్టుకుంటూనే ఉన్నాం. చిన్నప్పుడు నేను అడిగితే నాన్న నవ్వాడు. "అలమరలో పెట్టుకునేవాళ్ళు దాన్ని గోడకే కదమ్మా ఆనిస్తారు. వెనకెవడు చూస్తాడు?" నాకూ సబబుగానే తోచింది.

ఈ ఆసుపత్రి కాలువకు అవతలి గట్టున ఉంది. ఆడవాళ్ళ వార్డు మూడో అంతస్తు, ఆ కాలువ గోడలకన్నా ఎత్తు. మొదటి ఉదయం నర్సు కిటికీ తెర తీసింది. ఎదురుగా ఒక ఇటుక కట్టడం. పైకి దగ్గరగా, గోడలోంచి ముందుకొచ్చిన రాతి బాల్కనీ. దాని అంచంతా ఏదో తీగ చెక్కి ఉంది. అంచు మీద వరసగా పావురాలు. "ఎంత బాగుందండీ! ఏంటది?" అన్నాను. నర్సు నా వైపు వింతగా చూసింది. "ఏ ఊరమ్మా మీది?" ఈ ఊరేనన్నాను. "ఏం చేస్తుంటావు?" బస్టాండులో విచారణ కౌంటరన్నాను. "అది బురుజు తల్లీ," అని, నా తలకేమైనా దెబ్బ తగిలిందా అని పక్కావిడను అడిగింది.

బురుజు వెనకభాగాన్ని మా వంశంలో చూసింది నేనొక్కదాన్నే. కనుక అది నా స్వార్జితమని ఇందుమూలంగా ప్రకటిస్తూ, బాల్కనీ, తీగ, పావురాలతో సహా, సర్వహక్కులతో నాన్నకు రాసి ఇస్తున్నాను.

మొన్న ఫోన్లో ఈ సంగతి చెబితే నాన్న రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత, "చదువుకున్నదానివి కదమ్మా, ఓ కాగితం మీద గీసి పంపు, అచ్చులో కలిపేస్తా," అన్నాడు. గీయగలను. గీయను. నా షరతు ఇది. ఆదివారం కొట్టు మూసి, నాన్న బురుజెక్కి, ఆ బాల్కనీలో నిలబడి, ఆ తీగను చేత్తో తడిమి చూడాలి. నాన్న కళ్ళతో కన్నా వేళ్ళతోనే బాగా చూస్తాడు. కొత్త అచ్చు ఆ వేళ్ళు చెక్కాలి.

6. చెల్లని జవాబులు: "ఆదివారం బేరాలు పోతాయి", "వచ్చే నెల చూద్దాం", "ఎక్కడికి పోతుంది, ఇంటి ముందే కదా ఉంది", ఇవి చెల్లవు. ముఖ్యంగా, "నువ్వు ఇంటికొచ్చాక అందరం కలిసి వెళ్దాం" అన్నది అసలు చెల్లదు. అది ప్రేమకొద్దీ అనే మాటేనని నాకు తెలుసు. మన ఇంట్లో జరగకుండా పోయినవన్నీ ప్రేమకొద్దీ ఆగిపోయినవే. తాత కూడా అందరం వెళ్దాం, అందరం వెళ్దాం అంటూనే వెళ్ళిపోయాడు, ఒక్కడే, వేరే చోటుకి. అందరం కుదిరే రోజు కోసం చూస్తే ఎవరో ఒకరు తగ్గుతూనే ఉంటారు. ఈసారి తగ్గింది నేను. మెట్లెక్కొద్దన్నారు. అయినా నేనూ వచ్చినట్టే, కాలువకు ఇవతల ఉంటాను, అంతే.

ఇంకొక్క మాట. ఆపరేషన్ గదికి కిటికీలు లేవట. ముందు రోజు చూసిందే కళ్ళలో పెట్టుకుని వెళ్ళాలి. ఆ బాల్కనీలో పావురాలను వారం రోజులుగా చూస్తున్నాను. ఇక పావురాలను చూసింది చాలు.

7. నేను ఇంటికి తిరిగొస్తే ఈ వీలునామా రద్దు. అత్తయ్య బూట్లు మాత్రం తిరిగివ్వనక్కర్లేదు, అప్పటికి అవి ఆవిడ పాదాల ఆకారానికి వచ్చేసి ఉంటాయి. ఐదో అంశంలోని ఆస్తి ఎట్టి పరిస్థితుల్లోనూ నాన్నదే.

పై సంగతులన్నీ చదువుకుని, సరిగా ఉన్నాయని తృప్తిపడి సంతకం చేస్తున్నాను.

తేదీ: ఎనిమిది, మంగళవారం. ఆడవాళ్ళ వార్డు, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.

(సంతకం) బొమ్మల మేస్త్రి రెండో కూతురు

సాక్షులు:

ఒకటి, వార్డు నర్సు. బయటి ఊరి నుంచి వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే బురుజెక్కి చూసింది.

రెండు, పక్క మంచం దర్జీ పెద్దమ్మ. పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది ఈ ఊళ్ళోనే. బురుజు చూడలేదు. సంతకం చేస్తూ, "మీవాళ్ళు వెళ్తే నన్నూ తల్చుకోమను," అంది.

జవాబు కోసం: పదకొండో తేదీ, శుక్రవారం, సాయంత్రం ఐదింటిలోగా కింది హాల్లో నర్సుకు చెప్పి పంపండి. పెద్ద జవాబు వద్దు. కొట్టు మూస్తున్నామనో, మూయడం లేదనో చెబితే చాలు. మూస్తే, ఆదివారం పదింటికి వెనకవైపు బాల్కనీలోకి రండి. ముందువైపు నిలబడి చేయి ఊపితే నాకు కనబడదు.