నూనె సీసా మీద గీత

అత్తా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. నీకిష్టమని గారెలు వండేను. రేషన్ పామాయిల్తోనే, తిట్టకు.

నూనె వాడిన ప్రతిసారీ నువ్వు సీసా మీద కాటుకతో గీత పెట్టీదానివి. నన్ను దొంగనుకుంటన్నావని ఎంత ఏడ్చేనో! "పీనాసితనం కాదే, పొదుపు" అనీదానివి. నాను నమ్మలేదు.

నీ మనవడికి స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగమొచ్చింది, పెళ్లీ అయింది. కోడలొచ్చిన కాణ్ణించీ నూనె తొందరగా అయిపోతంది. గీత పెడితే తప్పేటి? పొదుపే కదా! ఇందాక ఆ పిల్ల పెరట్లో ఉన్నప్పుడు, నీ కాటుక భరిణె తీసి, ఆ పిల్లకి కనపడకుండా గోడవైపు గీత పెడదామని సీసా ఇటు తిప్పేను.

అక్కడ అప్పటికే ఒక గీత ఉంది, ఎర్ర తిలకంతో. మనింట్లో తిలకం సీసా కోడలిదొక్కటే.

నన్ను దొంగనుకుంటందా, అత్తా?